నెలసరి నొప్పికి ఇంట్లో మీరేం చేస్తారు? వాడి చూసినవే చెప్పండి

నిత్యమల్లి:

అందరికీ నమస్కారం. నాకు 19 ఏళ్లు. డేట్ వచ్చిన రోజు పొత్తికడుపులో నొప్పి మొదలై నడుం, తొడల దాకా లాగేస్తుంది. కడుపులో తిప్పుతుంది, ఒక్కోసారి విరేచనాలు కూడా అవుతాయి. రెండో రోజు సాయంత్రానికల్లా సర్దుకుంటుంది. రక్తస్రావం మాత్రం మామూలుగానే ఉంటుంది.

అమ్మ వాము నీళ్లంటుంది, అమ్మమ్మ శొంఠి అంటుంది, రూమ్మేట్ దాల్చినచెక్క అంటుంది, నెట్‌లో ఆముదం తాగమనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఇట్టే తగ్గిపోతుందనే చెబుతారు. ఎంత వేయాలి, ఎప్పుడు తాగాలి, నిజంగా ఎంత తగ్గుతుంది అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. నేనుండేది హాస్టల్లో. స్టవ్ లేదు, కెటిల్ ఒక్కటే ఉంది. వచ్చే నెల పరీక్షలు సరిగ్గా ఆ తేదీల్లోనే పడేలా ఉన్నాయి, అదే టెన్షన్.

చిన్నక్క:

చెల్లీ, తాగేవాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు కాపడం మొదలుపెట్టు. నాకు చదువుకునే రోజుల నుంచి నమ్మకంగా పనిచేసింది అదే. చాలామంది సరిగ్గా పెట్టుకోరు, పెట్టుకుని పనిచేయలేదంటారు.

కెటిల్‌లో నీళ్లు మరగగానే కాపడం పెట్టుకునే రబ్బరు సంచిలో పోసేయకు, కాసేపు ఆగు. సలసల కాగే నీళ్లు రబ్బరును పాడుచేస్తాయి, పైగా చెయ్యి కాలుతుంది. సంచిని మూడింట రెండు వంతులే నింపి, పైనున్న గాలి పోయేలా నొక్కి, అప్పుడు మూత బిగించు. తలకిందులు చేసి సింక్ మీద పట్టుకుని చుక్క కారుతోందేమో చూసుకో. పలుచని తువ్వాలు చుట్టి బొడ్డు కింద పెట్టుకో, పైపొట్ట మీద కాదు. మోకాళ్లు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకుంటే పొట్ట కండరాలు వదులవుతాయి. పావుగంట, ఇరవై నిమిషాలు ఓపిక పట్టు. నడుం ఎక్కువ లాగుతుంటే సంచి వెనక పెట్టు.

రబ్బరు సంచి లేకపోతే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టినా చాలు. ఫ్లాస్కు లాంటి సీసా పనికిరాదు, అందులోంచి వేడి బయటికి రాదు.

ఇంకొకటి. నొప్పి తారస్థాయికి చేరేదాకా ఆగకు. ఇవాళో రేపో వస్తుందని నడుం ముందే చెబుతుంది కదా, అప్పుడే మొదలుపెట్టాలి.

అల్లంమురబ్బా:

నా ఓటు శొంఠికే. హాస్టల్లో సులువు కూడా. కప్పులో పావు చెంచా శొంఠిపొడి వేసి, కెటిల్లోంచి వేడినీళ్లు పోసి, మూతపెట్టి ఐదారు నిమిషాలు వదిలేయి. పొడి అడుగున దిగిపోతుంది, కలుపుకుంటూ తాగాలి. ఘాటు భరించలేకపోతే కొంచెం తీపి కలుపుకో. రోజుకి మూడుసార్లు, ఏదైనా తిన్నాకే. ఖాళీ కడుపుతో తాగితే నాకు గుండెల్లో మంట వస్తుంది.

పచ్చల్లమైనా ఫర్వాలేదు కానీ, ముక్క ఎంత వేస్తే ఎంత ఘాటు దిగుతుందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పొడి అయితే కొలత తెలుస్తుంది. నాకు కడుపులో తిప్పడం బాగా తగ్గుతుంది. నొప్పి పూర్తిగా పోదు, లేచి నా పనులు నేను చేసుకునేంత తగ్గుతుంది. నాకు అది చాలు.

కలువపూలు:

నాకు శొంఠితో ఏమీ తేడా రాలేదు. కాపడం మాత్రం నిజం.

మందులచీటీ:

ఫార్మసీలో పనిచేస్తాను. నిత్యమల్లి గారు చెప్పిన లక్షణాలు చూస్తే అసలు ఏం జరుగుతోందో కొంత వివరంగా చెప్పాలనిపించింది. అది అర్థమైతే ఏది ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు తీసుకోవాలో మనకే తెలుస్తుంది.

నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పడిపోతుంది. అప్పుడు గర్భాశయం లోపలి పొర ఊడిపోవడం మొదలవుతుంది, ఆ పొరలోంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు విడుదలవుతాయి. ఇవి గర్భాశయ కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేస్తాయి. మీ పిడికిలి గట్టిగా బిగించి పట్టుకోండి, కాసేపటికి వేళ్లు పాలిపోయి నొప్పి పుడుతుంది కదా. లోపల జరిగేదీ అలాంటిదే: బిగిసిన కండరానికి రక్తం సరిగ్గా అందదు, అందుకే ఆ నొప్పి. ఇవి పేగుల కండరాల మీద కూడా పనిచేస్తాయి కాబట్టే విరేచనాలు. నొప్పి ఎక్కువగా ఉండేవాళ్లలో ఇవి ఎక్కువ తయారవుతాయి. మొదటి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి, వాటితో పాటే నొప్పీ తగ్గుతుంది.

1957లో పికిల్స్ అనే శాస్త్రవేత్త నెలసరి స్రావంలోనే కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థం ఉందని గమనించాడు. అది ప్రోస్టాగ్లాండిన్ల పనేనని తర్వాత తేలింది. అంతకుముందూ ఆ తర్వాతా కూడా ఈ నొప్పిని ఆడవాళ్ల మనసులో పుట్టినదిగా కొట్టిపారేసిన డాక్టర్లు చాలామంది ఉండేవారు. నొప్పికి శరీరంలో కారణం ఉంది. ఓర్చుకోలేకపోవడం మీ బలహీనత కాదు.

ఇక చిన్నక్క గారు చెప్పిన కాపడం గురించి. 2001లో అచ్చయిన ఒక పరీక్షలో కొందరికి 38.9 డిగ్రీల వేడి ఉండే, ఒంటికి అంటించే ప్యాచ్‌ని రోజుకి 12 గంటలు పెట్టారు, కొందరికి ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు 400 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇచ్చారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. అంత వేడి అంటే మరీ ఎక్కువేం కాదు, ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ, అంతే. చర్మం ఎర్రబడేంత వేడి పెడితేనే పనిచేస్తుందనుకోవడం తప్పు.

శొంఠి మీద కూడా పరీక్షలున్నాయి. 2009లో ఇరాన్‌లో విద్యార్థినులకు 250 మిల్లీగ్రాముల శొంఠి క్యాప్సూల్స్ రోజుకి నాలుగుసార్లు, మొదటి 3 రోజులు ఇచ్చారు. మిగతావాళ్లలో కొందరికి మెఫెనమిక్ యాసిడ్ అనే ఇంకో నొప్పి మందు, కొందరికి ఐబుప్రోఫెన్. ఉపశమనంలో పెద్ద తేడా కనిపించలేదు. 2012లో వచ్చిన ఇంకో పరీక్షలో 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇచ్చారు. నెలసరికి 2 రోజుల ముందే మొదలుపెట్టినవాళ్లకు నొప్పి తీవ్రతతో పాటు అది ఉండే సమయం కూడా తగ్గింది. అల్లంమురబ్బా గారి పావు చెంచా కొలత ఇంచుమించు దానికి సరిపోతుంది.

కానీ ఇవి చిన్న పరీక్షలు. వైద్య పరిశోధనలన్నీ కలిపి సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2016లో ఇలాంటి మూలికలు, పోషకాల మీద వచ్చిన పరీక్షలన్నీ ఒకచోట వేసి చూస్తే ఏ ఒక్కదానికీ గట్టి రుజువు కనిపించలేదు. శొంఠి, మెంతులు, ఇంకా కొన్నింటికి బలహీనమైన రుజువు మాత్రం ఉంది. కలువపూలు గారికి పనిచేయకపోవడంలో వింతేమీ లేదు.

నిత్యమల్లి:

చాలా థాంక్స్ అండి. విరేచనాలకీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, ముందురోజు తిన్నది పడలేదేమో అనుకునేదాన్ని. మరి వాము, దాల్చినచెక్క, మెంతుల మాటేమిటి?

చిన్నక్క:

వాము గ్యాస్‌కి మంచిది. ఆ రోజుల్లో కొందరికి పొట్ట ఉబ్బరించి, నొప్పిలో సగం దానివల్లే ఉంటుంది. అలాంటివాళ్లకి వాము నీళ్లు తాగగానే హాయిగా ఉంటుంది. ఉబ్బరం లేనివాళ్లకి పెద్దగా ఏమీ తెలియదు. అర చెంచా వాము వేడినీళ్లలో వేసి, మూతపెట్టి, వడకట్టుకుని తాగు. సోంపు కూడా అంతే, ఘాటు లేకుండా ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు ఇష్టంగా తాగుతారు.

మందులచీటీ:

దాల్చినచెక్క మీద 2015లో ఒక పరీక్ష వచ్చింది. పోల్చి చూడడానికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి బిళ్ల కంటే బాగా పనిచేసింది, ఐబుప్రోఫెన్ అంత పనిచేయలేదు. దీంతో ఒక జాగ్రత్త. మామూలుగా దొరికే కాసియా రకం చెక్కలో కౌమరిన్ అనే పదార్థం ఉంటుంది, చెంచాలకొద్దీ రోజూ తింటే కాలేయానికి మంచిది కాదు. నెలలో రెండు మూడు రోజులు చిన్న ముక్క వేసుకుని తాగితే భయం లేదు.

మెంతుల పొడిని పరీక్షలో రోజుకి 2.7 గ్రాముల దాకా ఇచ్చారు. కొంత ఉపశమనం కనిపించింది. మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి కాబట్టి షుగర్ మందులు వాడేవాళ్లు అడిగి వాడాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు మెంతులైనా, శొంఠి అయినా మందు మోతాదులో తీసుకునే ముందు డాక్టరుకి చెప్పాలి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఈ పొడులూ కషాయాలూ ఏవీ మొదలుపెట్టకండి.

ఆముదం మాత్రం వద్దు. అది విరేచనాల మందు. పేగులతో పాటు గర్భాశయాన్ని కూడా ముడుచుకునేలా చేస్తుంది. మనకు కావలసింది కండరం వదులవడం కదా, ఇది దానికి పూర్తిగా ఎదురు. ఇప్పటికే విరేచనాలవుతున్న అమ్మాయికి ఆముదం తాగమని చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పొట్ట మీద గోరువెచ్చగా రాసి మెల్లగా మర్దన చేసుకుంటే సరే. నూనె ఏదైనా ఒకటే, మేలు చేసేది వేడి, చేతి ఒత్తిడి.

వాకిలిముగ్గు:

నాకు అరవై దాటాయి. ఈ పిల్ల అడిగింది చదివి రాస్తున్నాను. మా రోజుల్లో ఆడపిల్లకి నొప్పి వస్తే పెద్దవాళ్లు కషాయం కాచి, పక్కన కూర్చుని, నడుం పట్టి, ఆ పూట పని చెప్పకుండా పడుకోనిచ్చేవాళ్లు. ఆ కషాయంలో ఎంత గుణముందో నాకు తెలియదు గానీ, ఒక మనిషి పక్కన కూర్చోవడంలో గుణముంది. ఇప్పుడు మీరు కెటిల్ పెట్టుకుని ఒక్కరే మూలుగుతున్నారు, అదే నాకు బాధ.

ఒక్క విషయం మాత్రం చెబుతాను. నెలనెలా నొప్పి బిళ్లలు మింగడం మంచిది కాదమ్మా. అలవాటైపోతాయి, రేపు పిల్లలు పుట్టడానికి ఇబ్బంది అంటారు. కాపడం, కషాయం ఉండగా బిళ్లలెందుకు?

మందులచీటీ:

అమ్మా, మీరు పక్కన కూర్చోవడం గురించి రాసింది మనసుకి తగిలింది. బిళ్లల గురించి మాత్రం మీ మాట ఒప్పుకోలేను. ఆ భయం వల్లే ఎంతోమంది అమ్మాయిలు అక్కర్లేని బాధ పడుతున్నారు, రోజూ కౌంటర్ దగ్గర చూస్తాను.

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి. అంటే నొప్పి పుట్టే చోటే పనిచేస్తాయి. ఇలాంటి మందులు పనిచేసే తీరును 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు, ఆ పరిశోధనకే 1982లో నోబెల్ వచ్చింది. ఇవి అలవాటు పడే మందులు కావు. నెలసరి మొదటి రెండు మూడు రోజులు సరైన మోతాదులో వేసుకుంటే గర్భసంచి పాడవదు, పిల్లలు పుట్టకపోవడం ఉండదు. ఇంట్లో వాడే వేటికీ లేనంత గట్టి రుజువు వీటికి ఉంది. 2015 నాటి కోక్రేన్ సమీక్షలో 80 పరీక్షలు, 5,820 మంది స్త్రీల లెక్క చూశారు. ఉత్తుత్తి బిళ్లతో నూటికి 18 మందికి ఉపశమనం కలిగితే, ఈ మందులతో 45 నుంచి 53 మందికి కలిగింది. అంటే వీటితో కూడా తగ్గనివాళ్లు ఉంటారు, అదీ గుర్తుంచుకోవాలి.

ఎప్పుడు వేసుకోవాలన్నదే అసలు విషయం. ప్రోస్టాగ్లాండిన్లు అప్పటికే బోలెడు తయారై, నొప్పితో మెలికలు తిరిగేటప్పుడు వేసుకుంటే అవి అప్పటికే చేయాల్సింది చేసేసి ఉంటాయి. నొప్పి మొదలవగానే, లేదా స్రావం కనిపించగానే, ఏదైనా తిని వేసుకోవాలి. పొట్టలో పుండు, కిడ్నీ జబ్బు, ఇలాంటి మందులతో ఆయాసం వచ్చిన చరిత్ర, రక్తం పలుచబడే మందులు, గర్భం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుని అడగకుండా వద్దు. ఒకే రకానికి చెందిన రెండు మందులు కలిపి వేసుకోకూడదు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, జ్వరం వస్తే ఆపేసి వెంటనే చూపించుకోవాలి.

వాకిలిముగ్గు:

సరే తల్లీ, చదువుకున్నదానివి చెబుతున్నావు, వింటాను. మరి బిళ్ల వేసుకుంటే కాపడం మానేయాలా?

మందులచీటీ:

అక్కర్లేదమ్మా, రెండూ కలిస్తే ఇంకా మంచిది. పైన చెప్పిన 2001 పరీక్షలోనే బిళ్ల ఒక్కటే వేసుకున్నవాళ్లకి తేడా తెలియడానికి సగటున 2.8 గంటలు పడితే, బిళ్లతో పాటు వేడి కూడా పెట్టుకున్నవాళ్లకి గంటన్నరలో తెలిసింది.

పరుగుబాట:

ఎవరూ వ్యాయామం మాట ఎత్తలేదేం? నొప్పి ఉన్నప్పుడు గెంతమని కాదు. మిగతా రోజుల్లో వారానికి మూడుసార్లు, 45 నిమిషాల నుంచి గంట దాకా చేసేవాళ్లకి నెలసరి నొప్పి బాగా తగ్గవచ్చని 2019లో కోక్రేన్ సమీక్ష వచ్చింది. రుజువు మరీ బలమైనది కాదు, కానీ నడకకి పోయేదేముంది? వేగంగా నడవడం, యోగా, డ్యాన్స్, ఏదైనా సరే. నొప్పి రోజున నేను చేసేది ఒక్కటే: మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి, నుదురు దిండు మీద ఆనించి, నడుం వదిలేసి మెల్లగా ఊపిరి తీసుకోవడం. శశాంకాసనం అంటారు కదా, అదే.

పొద్దుతిరుగుడు:

కాపడం గురించి ఒక హెచ్చరిక. మా చెల్లెలు ప్రతి నెలా బాగా కాలే సంచిని డ్రెస్ లోపల నేరుగా పొట్టకి ఆనించుకుని రాత్రంతా పడుకునేది. పొట్ట మీద గోధుమరంగు గీతలు అల్లిబిల్లిగా పడ్డాయి. మొదట మురికనుకుని రుద్దింది, పోలేదు. ఎక్కువ రోజులు వేడి తగిలిన చర్మం మీద ఇలా వస్తుందని, వేడి ఆపితే చాలావరకు మెల్లగా తగ్గుతుందని చర్మం డాక్టరు చెప్పారు. తువ్వాలు లేకుండా పెట్టుకోవద్దు, సంచి పెట్టుకుని నిద్రపోవద్దు. రబ్బరు పాతబడి పగుళ్లు కనిపిస్తే పారేయండి.

చక్కనిచుక్క:

నేను ఒక పొడి వాడుతున్నాను, 21 రకాల మూలికలు, మూడు నెలల్లో జన్మలో నొప్పి రాదు. కావాలంటే మెసేజ్ చేయండి, నంబర్ ఇస్తాను.

నిర్వాహకురాలు:

చక్కనిచుక్క గారూ, ఇక్కడ అమ్మకాలు కుదరవు. ఇంకోసారి రాస్తే పోస్ట్ తీసేస్తాను.

మందులచీటీ:

పేరు, పాళ్లు తెలియని పొడులు వాడకండి. అలాంటి కొన్ని సంప్రదాయ మందుల్లో సీసం లాంటి లోహాలు బయటపడిన సందర్భాలున్నాయి. "21 రకాలు" అన్నది గొప్ప కాదు. ఏది పడలేదో కూడా తెలుసుకోలేం.

ఇద్దరమ్మాయిలనాన్న:

నేను ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా పెద్దమ్మాయికి 13 ఏళ్లు, మొదలై ఏడాది దాటింది. మొదట్లో నొప్పి ఉండేది కాదు, ఈమధ్య స్కూల్ మానేసి పడుకుంటోంది. వాళ్ల అమ్మ ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉంటుంది. నాతో చెప్పడానికి సిగ్గుపడుతోంది. ఏం చేయాలి?

చిన్నక్క:

తప్పకుండా రాయొచ్చు అన్నయ్యా, రాసినందుకు సంతోషం.

తను అడిగేదాకా చూడకండి. కాపడం సంచి, శుభ్రమైన ప్యాడ్లు, శొంఠి డబ్బా తన గదిలోనే పెట్టండి. "నీకు నొప్పి వస్తుందని నాకు తెలుసు, ఇవి ఇక్కడున్నాయి, ఎలా వాడాలో ఈ కాగితం మీద రాశాను, ఎక్కువైతే డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అని ఒక్కసారి మామూలుగా చెప్పేయండి. గుచ్చిగుచ్చి అడగొద్దు. వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడించండి. ఆ రోజు చెల్లి గోల చేయకుండా చూసుకోండి, అదీ సాయమే.

మందులచీటీ:

మొదట్లో లేని నొప్పి ఏడాది తర్వాత మొదలవడం చాలామందిలో చూసేదే. తొలి నెలల్లో అండం విడుదల కాకుండానే నెలసరి వస్తుంటుంది, అప్పుడు నొప్పి తక్కువ. అండం విడుదల క్రమంగా మొదలయ్యాక నొప్పి కూడా వస్తుంది. అలా కాకుండా మొట్టమొదటి నెలసరి నుంచే భరించలేని నొప్పి ఉంటే లోపలి నిర్మాణంలో తేడా ఉందేమో చూడాలి. పాప స్కూల్ మానేస్తోందంటే డాక్టరుకి చూపించడానికి ఆ కారణం చాలు. మందు మోతాదు కూడా వయసు, బరువు చూసి వాళ్లే చెబుతారు, పెద్దవాళ్ల బిళ్ల సగం చేసి ఇవ్వకండి. ఆస్పిరిన్ అయితే ఈ వయసులో అసలే వద్దు.

వెన్నెలపిట్ట:

ఇంతసేపు చదువుతూ ఉన్నాను, రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాకు వాము, శొంఠి, మెంతులు, కాపడం అన్నీ ఇచ్చారు. ప్రేమగానే ఇచ్చారు. తగ్గకపోతే ఇంకో కషాయం. అదీ కాకపోతే "అందరికీ ఉండేదే, పెళ్లయితే తగ్గుతుంది". నా నొప్పి మొదటి రోజుతో ఆగేది కాదు. డేట్‌కి నాలుగైదు రోజుల ముందే మొదలై, అయిపోయాక కూడా ఉండేది. ఆ రోజుల్లో మలవిసర్జనకి వెళ్లాలంటే ప్రాణం పోయినట్టుండేది. బిళ్ల వేసినా లొంగేది కాదు, ఏడాదికేడాది పెరిగింది. స్కానింగ్ చేయిస్తే నార్మల్ అన్నారు. నార్మల్ అని రాసిన ఆ కాగితం చూపించి ఇంట్లో ఇక నా మాట నమ్మడం మానేశారు. చాలా ఏళ్లకి ఇంకో డాక్టరు ఓపికగా ప్రశ్నలడిగి, ల్యాపరోస్కోపీ చేసి, అంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూసి, ఎండోమెట్రియోసిస్ అని తేల్చారు.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడమే ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నెలసరి వయసులో ఉన్న ప్రతి పదిమందిలో ఒకరికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఉంది. మామూలు స్కానింగ్‌లో కనిపించకపోవచ్చు. స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు.

నాకు కషాయాల మీద కోపం లేదు. ఇప్పటికీ కాపడం పెట్టుకుంటాను. నా కోపమంతా, కషాయం ఇచ్చాం కదా ఇక నోరు మూసుకో అన్న పద్ధతి మీద. వంటింట్లో దొరికినదానితో తగ్గిపోతే చాలా మంచిది. తగ్గకపోతే ఆ అమ్మాయి చెప్పేది వినండి.

వాకిలిముగ్గు:

నీ మాట చదివాను తల్లీ. మా ఇంట్లో మనవరాళ్లున్నారు. వాళ్లమ్మలకి ఇవాళే చదివి వినిపిస్తాను.

కలువపూలు:

వెన్నెలపిట్ట గారూ, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలో ఎవరైనా సూటిగా చెప్పండి. నాకు రెండో రోజు గంటన్నరకే ప్యాడ్ నిండిపోతుంది. అది మామూలే అనుకుంటున్నా.

మందులచీటీ:

అది మామూలు కాదండి, చూపించుకోండి. గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండడం, పెద్ద పెద్ద గడ్డలు పడడం, 7 రోజులు దాటినా ఆగకపోవడం ఎక్కువ స్రావానికి గుర్తులు. హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చేయించుకోండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఎప్పుడూ నీరసం ఉన్నాయేమో గమనించుకోండి.

వెన్నెలపిట్ట గారు చెప్పిన లక్షణాల్లో ఏది ఉన్నా, లేదా సరిగ్గా మందు వాడినా రెండు మూడు నెలల్లో తేడా రాకపోయినా డాక్టరుని కలవాలి. ఇన్నాళ్లూ లేని నొప్పి పెద్దయ్యాక కొత్తగా మొదలైనా అంతే. జ్వరంతో నొప్పి, దుర్వాసన ఉన్న స్రావం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. డేట్ తప్పిన తర్వాత ఒకవైపు విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. గర్భం ట్యూబులో నిలిస్తే అలా ఉంటుంది, అది ప్రాణం మీదికొస్తుంది.

నిత్యమల్లి:

నాకు వెన్నెలపిట్ట అక్క చెప్పినవేవీ లేవు. మొదటి రోజు స్రావంతో పాటే వచ్చి, రెండో రోజుకి పోతుంది. అయితే ఈ నెల నుంచే రెండు రోజుల ముందు శొంఠి మొదలుపెట్టి, కాపడం రెడీగా ఉంచుకుంటాను. పుండు, ఆయాసం లాంటివేమీ లేవు కాబట్టి బిళ్ల కూడా ఒకసారి డాక్టర్ని అడిగి దగ్గర పెట్టుకుంటా.

ఒక్క డౌట్. పరీక్ష హాల్లోకి సంచి తీసుకెళ్లలేను కదా. అంటించుకునే వేడి ప్యాచ్‌లు ఉంటాయట, అవి వాడొచ్చా?

చిన్నక్క:

వాడొచ్చు. లోపల ఇనుప రజను ఉంటుంది, కవర్ చింపగానే గాలి తగిలి వేడెక్కుతుంది. వేడెక్కడానికి కాస్త టైమ్ పడుతుంది కాబట్టి హాల్లోకి వెళ్లే ముందు కాదు, బయల్దేరేటప్పుడే విప్పు. కొన్ని రకాలు చర్మానికే అంటించేవి, కొన్ని లోపలి బట్టకి అంటించేవి. ప్యాకెట్ మీద ఏది రాస్తే అదే చేయి, రాసినంతసేపే ఉంచు. దాని మీద బెల్టు, బిగుతు జీన్స్ వద్దు, వేడి ఒక్కచోటే పట్టి కాలుతుంది. పరీక్ష రోజున మొదటిసారి కాకుండా ఈ నెలే ఒకటి పెట్టి చూడు, నీ చర్మానికి పడుతుందో లేదో తెలిసిపోతుంది. మంటగా అనిపిస్తే పీకేయి.